పూలు బతుకమ్మకు, కాడలు కోర్టుకు

ముప్పై మూడేళ్ళకే రిటైరయ్యానంటే ఎవరూ నమ్మడం లేదు. మా అవ్వ అయితే దగ్గరికి పిలిచి, "తీసేసిన్రా బిడ్డా?" అని చెవిలో అడిగింది. తీసెయ్యలేదు. నేనే మానేశాను. మేడ్చల్ బస్ డిపో ఎదురు సందులో పుస్తకాలు అద్దెకిచ్చే చిన్న కొట్టు పెట్టుకుంటున్నాను. నా కుర్చీలోకి ఒక కొత్త అమ్మాయి వస్తోందని ఆఫీసులో చెప్పారు. ఆమెకు ఫైళ్ళు అప్పగించడం ఒక్క పూట పని. ఫైళ్ళలో లేనిది చెప్పాలంటే నాకు నోరు రాదు. పదిమంది ముందు నిలబడితే నా పేరు నేనే మరిచిపోతాను. అందుకని రాస్తున్నాను.

పువ్వుకు యజమాని

ముందు, మన పనేమిటో. పెళ్ళి చూపులప్పుడు ఒకాయన, "అమ్మాయి ఏం చేస్తుంది?" అని అడిగితే, మా నాయిన "గులాబీల పోలీసు" అని చెప్పాడు. ఆ సంబంధం కుదరలేదు గానీ, ఆ మాట కంటే బాగా నేనూ చెప్పలేను.

ఒక కొత్త రకం గులాబీని పుట్టించడానికి ఎక్కడో ఒక మనిషి ఏళ్ళ తరబడి ఈ పువ్వుకూ ఆ పువ్వుకూ సంకరం చేస్తాడు. వేల మొక్కలు పారేసి ఒకటి ఉంచుకుంటాడు. ఆ రకం మీద అతనికి హక్కు ఉంటుంది. దాన్ని పెంచాలన్నా, అమ్మాలన్నా, బయటి దేశం నుంచి తెప్పించాలన్నా అతని లైసెన్సు కావాలి. మన ఆఫీసు అలాంటి ఒక విదేశీ కంపెనీకి ఏజెంటు.

నేను ఇందులోకి వచ్చింది తొంభైల చివర్లో. అప్పట్లో మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఎక్కడ చూసినా పాలీహౌస్‌లే. గులాబీలను విమానం ఎక్కిస్తే డబ్బే డబ్బని అందరూ ప్లాస్టిక్ కప్పు వేశారు. కొన్నేళ్ళకే చాలామంది మూసేశారు. కప్పులు చిరిగి, ఇనుప కమ్ములు మాత్రం మిగిలాయి. నేను అలాంటి ఒక తోటలో ప్యాకింగ్ హాల్లో కాడలను పొడవు ప్రకారం వేరు చేసేదాన్ని. పని అయ్యాక గోనెసంచి మీద కూర్చుని నవల చదువుకునేదాన్ని. తోట మూతపడ్డాక ఈ ఆఫీసులో చేరాను. "పిల్ల మాట్లాడదు, చూస్తుంది" అని ఆ తోట మేనేజరు సిఫారసు చేశాడట. అంతకు మించిన యోగ్యత ఈ పనికి అక్కర్లేదని ఇప్పటికీ అనుకుంటాను.

అప్పటికి మన చేతిలో ఉన్నది ఒప్పంద పత్రాలు మాత్రమే. రెండువేల దశకం చివరికి గాని చట్టం గులాబీల దాకా రాలేదు. వచ్చాక మా బాసుకు కొమ్ములు మొలిచాయి.

ప్లాస్టిక్ పూలు వాడిపోయిన కేసు

మా బాసు మూర్తిగారు. కోనసీమ నుంచి వచ్చి బహదూర్‌పల్లిలో ఇల్లు కట్టుకున్నారు. గొంతు ఎంత పెద్దదంటే, ఆయన రహస్యం చెబితే పక్క ఆఫీసు వాళ్ళు కూడా జాగ్రత్త పడేవారు. మంచి మనిషి. మారువేషాల పిచ్చి ఒక్కటే లోపం.

బయటి దేశంలో లైసెన్సు లేకుండా పెంచిన మన రకం పూలు పెట్టెల్లో ఇక్కడికి దిగుతున్నాయని తెలిసింది. ఎవరు కొంటున్నారో కనిపెట్టడానికి ఆయన పట్టుపంచె కట్టుకుని, కండువా వేసుకుని, పూల మార్కెట్టుకు పెళ్ళికూతురి తండ్రిలా వెళ్ళారు. నేను పెళ్ళికూతుర్ని. నాకు తల ఎత్తే పని లేదు కనుక పాత్ర సులువుగానే ఉంది. అన్నీ మాట్లాడుకుని, ఎక్కడి నుంచి వస్తాయో అడిగి, చివర్లో దుకాణదారు "పూలు ఎక్కడికి పంపాల్నో అడ్రసియ్యి సార్" అంటే, అలవాటు కొద్దీ జేబులోంచి ఆఫీసు కార్డు తీసి ఇచ్చారు. మేము ఆటో ఎక్కేలోగా ఆ వరసలో సగం దుకాణాలు షట్టర్లు దించేశాయి.

ఇంకోసారి ఒక గోదాములో పెట్టెలు దొరికాయి. కాగితాల్లో 'ప్లాస్టిక్ పూలు' అని ఉంది. మన గులాబీలకు వాసన ఉండదు, రేకులు మైనం పూసినట్టుంటాయి. కాగితం చూసే అధికారి పెట్టె కన్నంలోంచి ఒక పువ్వు లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ప్లాస్టిక్కే" అన్నాడు. మూర్తిగారు ఒక రేకు కొరికి నమిలి, "ఇది ప్లాస్టిక్కయితే నేను మేకనండీ!" అని అరిచారు. అధికారి నిబంధనల ప్రకారం పై అధికారికి రాశాడు. ఆయన ఆ పైవాళ్ళకు రాశాడు. తెరవమని అనుమతి వచ్చేసరికి ప్లాస్టిక్ పూలు కుళ్ళి, పెట్టెల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ వాసనకు అధికారి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, "ఇప్పుడు మాత్రం అసలు పూలలాగే ఉన్నాయి" అన్నాడు. కేసు కొట్టేశారు. చూపించడానికి పూలు ఏవి?

అమ్మాయీ, ఇది గుర్తుపెట్టుకో. బంగారం కేసైతే బీరువాలో పెట్టి పదేళ్ళు వాదించవచ్చు. మన సాక్ష్యం పూలకుండీలో ఎన్నాళ్ళుంటుందో మన కేసు అన్నాళ్ళే.

గ్రేసమ్మ గడువు

కంపెనీ నష్టమని మూర్తిగారు ఎప్పుడూ అంటారు. నేను ఆ కంపెనీ మనిషిని ఒక్కర్నీ చూడలేదు. నష్టమంటే నా కళ్ళముందు కనబడేది గ్రేసమ్మ.

గ్రేసమ్మది అత్వెల్లి దగ్గర చిన్న పాలీహౌస్. భర్త పోయాడు. కొడుకులు లేరు, కూతురు నర్సు. మేడ్చల్‌లో వాళ్ళ చర్చికి ఆదివారం పూలు ఆమే పెడుతుంది. మన కంపెనీ రకం ఒకటి, మీగడ రంగు రేకులు, అంచుల్లో గులాబీ రంగు, దాన్ని లైసెన్సు తీసుకుని పెంచుతుంది. దాని అసలు పేరు ఎవరికీ నోరు తిరగదు. మార్కెట్లో అందరూ 'ఐస్‌క్రీం' అంటారు. లైసెన్సుదారుల తోటలు చూసి రావడం నా పని. అందరి దగ్గరా పావుగంట ఉండేదాన్ని. గ్రేసమ్మ దగ్గర మాత్రం పొద్దు వాలేది. ఆమె మాట్లాడుతుంది, నేను వింటాను. ఇద్దరికీ అదే హాయి.

ఆ ఏడు ఆమె ఐస్‌క్రీం పూలు మార్కెట్టుకు పోయి వాడిపోయి తిరిగొస్తున్నాయి. అవే పూలు యాదిరెడ్డి సగం ధరకు ఇస్తున్నాడు.

యాదిరెడ్డిది ఆ ఊళ్ళో పెద్ద భూములున్న ఇల్లు. పొలాలు ప్లాట్లు చేసి అమ్ముతాడు. ఆ ఏడు సర్పంచ్‌గా నిలబడాలని తిరుగుతున్నాడు. అతనికీ ఒక పాలీహౌస్ ఉంది, ఎప్పుడో మనం ఇచ్చిన లైసెన్సూ ఉంది. ఆ మొక్కలు ఏనాడో చచ్చిపోయాయని ఊరంతా అనుకుంటారు. కానీ లైసెన్సు కాగితం బతికే ఉంది. బయటి దేశం పెట్టెలు దించుకుని, "నా తోటల పూసినయ్" అని అమ్ముకోవడానికి ఆ కాగితం చాలు.

"రోజూ వస్తుండు బిడ్డా," అంది గ్రేసమ్మ. "'అక్కా, పూలతోటి ఎందుకు పరేషాన్ అయితవ్, భూమి నాకియ్యి, వెంచర్ జేస్త' అంటుండు. నా పూలు అమ్ముడు బోకుండ జేసేది ఆయినే, నన్ను జూసి అయ్యో పాపం అనేది ఆయినే."

"మీరేమన్నారు?"

"దసరా దాక ఆగమన్న. దసరాకు గూడ పూలు గిట్లనే మర్లొస్తే సంతకం పెడ్తనని మాటిచ్చిన. ఇగ నాతోని గాదు."

మూర్తిగారు కోర్టుకు వెళ్ళారు. తేలాల్సింది ఒక్కటే. యాదిరెడ్డి పాలీహౌస్‌లో మొక్కలు ఉన్నాయా, లేవా? చూసి రమ్మని కోర్టు ఒక వకీలును కమిషనరుగా వేసింది. ఆ రోజు కాదు, ఈ రోజు కాదని సాగదీసి, చివరికి యాదిరెడ్డి ఒప్పుకున్న రోజు సద్దుల బతుకమ్మ పొద్దున. పండగ పూట అందరూ ఇళ్ళకు పోయే తొందరలో ఉంటారని అతని లెక్క. ఇక రెండు రోజుల్లో దసరా.

చూడవచ్చు, ముట్టరాదు

కమిషనరుగారు, మూర్తిగారు, నేను వెళ్ళాం. యాదిరెడ్డే తలుపు తీశాడు. మట్టి బెడ్ల నిండా గులాబీలు. వరసలు వరసలుగా ఐస్‌క్రీం పూలు, ప్లాస్టిక్ కప్పు కింద వెలుగుతున్నాయి.

"చూడున్రి, మంచిగ చూడున్రి," అన్నాడు యాదిరెడ్డి, తెల్ల లాల్చీ వేసుకుని, పెళ్ళివారిని లోపలికి పిలిచినట్టు. "మందుల్లేవ్ సార్ మా దగ్గర. అంత పెంటెరువే."

మూర్తిగారి మొహం పాలిపోయింది. నేను ఎప్పటిలాగే వెనక నిలబడి చూస్తున్నాను. గులాబీ తోటలో ఒకచోట మొగ్గ ఉంటుంది, ఒకచోట రాలిన పువ్వు ఉంటుంది, ఒకచోట ఎర్ర చిగురు ఉంటుంది. ఇక్కడ పూలన్నీ ఒకే ఎత్తు, ఒకే విచ్చు. బళ్ళో ప్రార్థనకు నిలబెట్టిన పిల్లల్లా ఉన్నాయి. ప్యాకింగ్ హాల్లో ఒలిచినట్టు కింది సగంలో ముళ్ళు లేవు, ఆకులు లేవు. పనిచేసే ఆడవాళ్ళ చేతులు చూశాను. గ్రేసమ్మ తోటలో వాళ్ళు చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కాలు వేసుకుంటారు, అయినా మణికట్టు నిండా గీతలే. వీళ్ళ చేతుల నిండా కొత్త గాజులు, ఒక్క గీత లేదు.

మూర్తిగారి దగ్గరికి వెళ్ళి గొణిగాను. "సార్, ఇవి మొక్కలు కావు. కోసిన కాడలు మట్టిలో గుచ్చారు."

"గుచ్చారా!" అని ఆయన రహస్యంగా అరిచారు. "కమిషనర్ గారూ, ఒక్కటి లాగి చూడండి!"

యాదిరెడ్డి లాల్చీ జేబులోంచి ఆర్డరు కాగితం తీశాడు. "చూడాలె, ఫోటో దియ్యాలె. గంతే రాసుంది. ముట్టుడు లేదు. బయటోళ్ళ చేతులు తగిల్తె మొక్కలకు రోగాలొస్తయ్."

కమిషనరుగారు కళ్ళజోడు పైకి తోసి చదివారు. నెమ్మదైన మనిషి. "నిజమేనండీ. ముట్టుకోవడానికి నాకు అధికారం లేదు. మీకు అసలే లేదు. కావాలంటే సెలవుల తర్వాత కోర్టులో మళ్ళీ అడగండి."

సెలవుల తర్వాత అంటే గ్రేసమ్మ సంతకం పెట్టిన తర్వాత. ఫోటో తీస్తే పడేది నిండు తోట. మూర్తిగారు కెమెరా పట్టుకుని ఒక్క ఫోటో కూడా తియ్యకుండా నిలబడిపోయారు. నేను బయటికి వచ్చేశాను.

బతుకమ్మ పూలు

గేటు ముందు బాట మీద ఐదారుగురు ఆడవాళ్ళు తట్టలతో వస్తున్నారు. ముందు ఒక ముసలమ్మ, నడుం వంగినా గొంతు వంగలేదు. యాదిరెడ్డి తల్లి. ఊరంతా ఆమెను అవ్వ అనే పిలుస్తారు. తట్టల్లో అడుగున గుప్పెడు పూలున్నాయి.

"ఏం సూస్తున్నవ్ బిడ్డా?" అంది అవ్వ. "పొద్దుగాల్నుంచి తిరుగుతున్నం. తంగెడు లేదు, గునుగు లేదు. ఊరి చుట్టు చేన్లే లేకపాయె."

ఈ ఊళ్ళలో ఒక పద్ధతి ఉంది. బతుకమ్మకు పూలు ఎవరి చేనిలో కోసుకున్నా ఎవరూ కాదనరు. అడగాల్సిన పని కూడా లేదు. కాదన్న ఇంటి పేరు ఏడాది పొడవునా నలుగురి నోళ్ళలో నానుతుంది.

ఈ ఉద్యోగంలో నేను ఎవరికీ చెప్పకుండా, నా అంతట నేను, కావాలని అన్న మాట ఒక్కటే ఉంది. ఇప్పుడు చెప్తున్నాను.

"అవ్వా," అన్నాను. "మీ కొడుకు షెడ్డు నిండా గులాబీలున్నాయి గదా."

అవ్వ నా వంక చూసింది. షెడ్డు వంక చూసింది. ఆమె అందులోకి వెళ్ళి ఏళ్ళయిందట.

"నడువున్రే," అంది.

లోపల కమిషనరుగారు రిపోర్టు రాయడానికి కుర్చీ వేయించుకుంటున్నారు. తట్టలతో వచ్చిన గుంపును చూసి యాదిరెడ్డి చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"ఏందమ్మా? కోర్టోళ్ళు వచ్చిన్రు. ఇంటికి పో."

"పోత గని, పూలు తీస్కొని పోత. చేన్లన్ని ప్లాట్లు జేసి రాళ్ళు పాతితివి. బతుకమ్మను రాళ్ళతోటి పేర్వాల్నారా?"

వెనక ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

"మందు కొట్టినమే! ముట్టుకుంటే చేతులు మండుతయ్!"

కమిషనరుగారు పెన్ను ఆపారు. "మందుల్లేవ్, అంతా పెంటెరువే అన్నారు కదండీ ఇందాక?"

ఒకామె తట్ట చంకకు మార్చుకుని ముందుకొచ్చింది. "ఏం పటేలా, ఓట్లడగ వచ్చినప్పుడు అక్కా, చెల్లే అంటివి. సద్దుల నాడు నాలుగు పూలకు చెయ్యి రాదా?"

యాదిరెడ్డి ఒకసారి తట్టల వంక, ఒకసారి కమిషనరు పెన్ను వంక చూశాడు. కాదంటే ఊళ్ళో ఆడవాళ్ళ ఓట్లు పోతాయి. సరే అంటే తోట పోతుంది. అంత కష్టంలో ఉన్న మనిషిని నేను నవలల్లో కూడా చూడలేదు.

ఆ సమయంలో మా బాసుకు చట్టం గుర్తొచ్చింది. "అమ్మా, అమ్మా! ఇది హక్కులున్న రకం. కంపెనీ అనుమతి లేకుండా..."

నేను ఆయన చొక్కా పట్టుకు లాగాను. ఉద్యోగంలో చేరాక బాసు చొక్కా లాగడం అదే మొదలు, అదే ఆఖరు.

"ఏం కంపిని?" అంది అవ్వ. "గౌరమ్మకు పూలు వెట్టనీకి ఎవల అనుమతి? యాడుంటడు వాడు?"

"విదేశంలోనండి."

"గట్లనా? పండగ నాడు అంత దూరం ఒక్కడే ఏం జేస్తుండు? రమ్మను, సద్దులు తిని పోతడు."

అని, దగ్గరి బెడ్డు ముందు చతికిలబడి, ఒక కాడను రెండు చేతులా పట్టుకుని, గులాబీ మొక్క గట్టిగా ఉంటుందని బలం కొద్దీ లాగింది. కాడ చప్పున ఊడొచ్చింది. అవ్వ వెల్లకిలా పడింది. ఇద్దరు లేపి కూర్చోబెట్టారు. ఆమె కాడను తలకిందులు చేసి చూసింది. ఏటవాలుగా కత్తిరించిన కొన, దానికి అంటుకున్న తడిమట్టి.

"ఓరి యాదీ, గీనికి వేర్లేవిరా?"

అవతల ఇంకొకామె లాగితే కాడల కట్ట మొత్తం ఒకేసారి పైకొచ్చింది. గుచ్చిన మనిషి బద్ధకస్తుడు, కట్ట కూడా విప్పలేదు. కాడల చుట్టూ రబ్బరు బ్యాండు, దాని కింద ఏదో దేశం తోట పేరు అచ్చేసిన ప్లాస్టిక్ ముక్క.

"అవ్వా, దీనికి వేరు లేదు గని రబ్బరు మొలిచిందే!"

ఇక ఆగలేదు. ఆడవాళ్ళు వరసలోకి దిగారు. ఇంత సులువుగా పూలు కోయడం వాళ్ళు ఎన్నడూ చూసి ఉండరు. లాగడం, తల తుంచి తట్టలో వేసుకోవడం, కాడ పారెయ్యడం. కబురు అంది ఇంకా కొందరు వచ్చారు. టీ చల్లారేంత సేపట్లో నిండు తోట బోడిదైపోయింది. నడుమ కాడల గుట్ట.

కమిషనరుగారు ప్రశాంతంగా రాసుకుంటూ పైకి చదివారు. "మొక్కలను వాది గాని, వాది మనుషులు గాని, కమిషనరు గాని ముట్టలేదు. ప్రతివాది తల్లిగారు ముట్టారు." తలెత్తి, "పూలు పండగవి, అవి వాళ్ళని తీసుకెళ్ళనివ్వండి. కాడలు నాకు ఒక సంచిలో కట్టించండి," అన్నారు. "ఇవి తొందరగా కుళ్ళవు కదా?"

"కుళ్ళవండి," అన్నాను. అపరిచితుడైన మగమనిషి అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పినందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

వెళ్ళిపోతుంటే యాదిరెడ్డి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. అవ్వకు చెప్పింది నేనేనని తెలిసినట్టుంది, అయినా కోపం కూడా రాని స్థితి. "నువ్వు మాట్లాడనే మాట్లాడవనుకున్న బిడ్డా."

"ఎక్కువ మాట్లాడనండి," అన్నాను.

ఆ సాయంత్రం ఆ ఊరి బతుకమ్మలంత ఖరీదైన బతుకమ్మలు ఇంకెక్కడా ఉండి ఉండవు. అవ్వ నన్ను పోనివ్వలేదు. చెయ్యి పట్టుకుని ఆటలోకి లాగింది. చప్పట్లు తప్పు కొట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. చెరువులో ఐస్‌క్రీం పూలు తేలుతూ పోయాయి.

ఆ తర్వాత

దసరా నాడు గ్రేసమ్మ సంతకం పెట్టలేదు. కాడల సంచి కోర్టుకు వెళ్ళాక పెట్టెలు దిగడం ఆగిపోయింది. ఆమె పూలు వాడకముందే అమ్ముడుపోవడం మొదలైంది.

యాదిరెడ్డి సర్పంచ్ అయ్యాడు. ఆశ్చర్యపోకు. "తోట మొత్తం పోయినా ఆడోళ్ళకు పూలు లేవనలె" అని ఊళ్ళో చెప్పుకున్నారు. గెలిచిన రోజు మెడలో వేసిన గజమాల గ్రేసమ్మ ఐస్‌క్రీం పూలతో కట్టిందే. ఆమె ఒక్క పైసా తగ్గించలేదు. న్యాయం జరిగిందా అంటే, సగం జరిగింది. ఈ పనిలో సగం చాలా ఎక్కువ.

మూర్తిగారు ఇప్పటికీ ఆ కేసును తన ఎత్తుగడగా చెప్పుకుంటారు. చెప్పుకోనీ. ఆయన చెప్పే కథలో ఆయనే బతుకమ్మ ఎత్తుకున్న ఆడమనిషి వేషంలో లోపలికి వెళ్తారు.

కొత్తగా వచ్చే అమ్మాయికి

చట్టం చదువుకో, అవసరమే. కానీ తోటకు వెళ్తే ముందు పనివాళ్ళ చేతులు చూడు. మగవాళ్ళు మాట్లాడుతున్నంత సేపు నీకు తీరిక దొరుకుతుంది, దాన్ని వృథా చెయ్యకు. సిగ్గు గురించి బాధపడకు. నిన్ను ఎవరూ లెక్కచెయ్యకపోవడం ఈ వృత్తిలో పెద్ద ఆస్తి.

చివరగా ఒక సమాచారం. నేను మానేస్తున్నానని చెప్పడానికి వెళ్తే గ్రేసమ్మ ఒక కుండీ చేతిలో పెట్టింది. చిన్న గులాబీ మొక్క. అంచుల్లో గులాబీ రంగు పట్టిన ఒక మీగడ మొగ్గ.

"ఇది..." అన్నాను.

"కొమ్మ నాటి నేనే పెంచిన. నీ కోసం."

"లైసెన్సులో అలా నాటకూడదని ఉంది గ్రేసమ్మా. మీ సంతకం కూడా ఉంది."

"ఎరికే. పట్టుకుంటవా మరి?" అని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

మొక్క ఇప్పుడు నా పుస్తకాల కొట్టు గుమ్మం పక్కన ఉంది. అనుమతి లేదు, కాగితం లేదు. నీ మొదటి తనిఖీ ఇక్కడే చేసుకో. నేను అడ్డం చెప్పను. టీ పెడతాను. ఆర్డరులో ముట్టరాదని ఉన్నా సరే, కాడ పట్టుకుని లాగి చూడు.

రాదు.